సూది లేని డాక్టరమ్మ

నాకు ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయిన రోజు మా అమ్మ పొద్దంతా పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం నాన్న అంగడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కండువాతో ముఖం తుడుచుకుంటూ తాపీగా అన్నాడు: "ఆయుర్వేదం సీటు వస్తాది కదమ్మా. అదీ డాక్టర్ చదువే. పైగా మన సరుకే."

ఆ 'మన సరుకే' అన్న మాటకు నాకు ఏడుపొచ్చింది.

మాది బళ్ళారి బజారులో మూలికల అంగడి. ఇక్కడివాళ్ళు కన్నడంలో గ్రంథిగె అంగడి అంటారు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు, అతిమధురం, వస కొమ్ములు, బాలింత మందు దినుసులు, పూజ సామాను అన్నీ గోనె సంచుల్లోనూ రేకు డబ్బాల్లోనూ నింపి ఉంటాయి. మా తాత కాలం నుంచి అదే అరుగు, అవే సంచులు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా మా ఇంట్లో అందరి చేతులకూ వస, వాము కలిసిన వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకసారి "వాము బస్తాలో పండుకుంటావామ్మే నువ్వు?" అని అడిగింది. అది వేళాకోళమే. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఒంటికి పౌడరు దండిగా పూసుకునేదాన్ని. తెల్లకోటు వేసుకుంటే ఆ వాసన నుంచి బయటపడతానని ఆశపడ్డాను. తీరా చూస్తే కోటు కూడా ఆ వాసనతోనే వచ్చేటట్టుంది.

ఏడుస్తూనే ఊళ్ళోని ఆయుర్వేదం కాలేజీలో చేరాను. మొదటి ఏడాదంతా ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే "మెడికల్" అని చెప్పి మాట మార్చేసేదాన్ని.

రెండో ఏడాదిలో ద్రవ్యగుణం అనే పాఠం మొదలైంది. ఏ మూలిక ఎలా ఉంటుంది, దాని రుచి ఏంది, ఒంట్లో పోయి ఏం చేస్తుంది అని చెప్పే చదువు అది. మాకు ఆ పాఠం చెప్పే మాస్టారు పొడవాటి మనిషి, ధార్వాడ వైపు కన్నడం మాట్లాడేవాడు. ఒకరోజు ఆయన బల్ల మీద పళ్ళాలు వరసగా పెట్టించి, ఒక్కొక్కళ్ళనూ పిలిచి అందులోని ఎండు వేళ్ళూ బెరళ్ళూ గుర్తు పట్టమన్నాడు. పుస్తకంలో రంగు బొమ్మలు చూసి వచ్చిన నా తోటివాళ్ళకు ఎండిపోయిన పుల్లలన్నీ ఒకేలా కనిపించాయి. నా వంతు వచ్చింది. నేను చూడాల్సిన పనే లేకపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాను. ఒక పళ్ళెం దగ్గర మాత్రం ఆగాను.

"ఇదంతా సుగంధిపాల వేరు కాదు సార్. వాసన సగమే ఉంది. వేరే ఏదో కలిపి ఇచ్చినారు" అన్నాను.

ఆయన వేరు తీసుకుని విరిచి, నలిపి, చాలాసేపు చూశాడు. "నీకెలా తెలుసు?" అని అడిగాడు.

"మాది... మూలికల అంగడి సార్."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. "ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? నీ క్లాసువాళ్ళు ఐదేళ్ళలో నేర్చుకునేది నువ్వు గౌను వేసుకున్నప్పుడే నేర్చుకున్నావు కదా" అన్నాడు. మర్నాటి నుంచి ఆ పళ్ళాలు సర్దే పని నాకు అప్పజెప్పాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అంగడిలో నాన్న పక్కన చాలాసేపు కూర్చుని పొట్లాలు కట్టాను.

చదువు, ఆ తర్వాత ఏడాది ఆస్పత్రిలో పని, అన్నీ అయిపోయాయి. అంగడి పైనున్న సామాను గదికి సున్నం కొట్టించి నాన్న నాకు వైద్యశాల పెట్టించాడు. బల్ల, రెండు కుర్చీలు, మనిషి పడుకునే మంచం, బీపీ మిషను, గోడకు నా సర్టిఫికెట్టు. పొద్దున పదింటికి పోయి కూర్చునేదాన్ని. కింద అంగడికి వచ్చినవాళ్ళు తల పైకెత్తి బోర్డు చదివి, నాన్నతో "పాప డాక్టర్ అయిందా, బలే బలే" అని, వాళ్ళకు కావాల్సిన త్రిఫల చూర్ణం ఆయన్నే అడిగి కట్టించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆరు నెలల్లో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మా బంధువులు.

అప్పుడు నన్ను అక్కడి నుంచి కదిలించినది ఒక అవ్వ. ఆమెది సండూరు తాలూకా చోరనూరు. తెలుగువాళ్ళే. ఎన్ని తరాల కింద అక్కడికి వచ్చారో ఆమెకే తెలియదు. పొలం కూలి ఉన్నన్నాళ్ళు కూలికి పోయేది, లేనన్నాళ్ళు కొండ అంచున వేళ్ళూ కాయలూ ఏరి, ఆరబెట్టి, పది పదిహేను రోజులకొకసారి మూట తెచ్చి మా అంగడికి ఇచ్చేది. నా చిన్నప్పటి నుంచీ నన్ను ఎరుగును. ఒకరోజు మూట దించి, నేను పైన ఉన్నానని విని, మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ గది నాలుగు మూలలా చూసింది.

"ఈడ ఒగ్గదానివే కూర్చోని ఏం చేస్తాండావమ్మణ్ణీ?"

"రోగుల కోసం చూస్తున్నా అవ్వా."

"కాళ్ళ నొప్పోళ్ళు ఈ మెట్లెట్ల ఎక్కుతారు? మా ఊరికి రా. ఆడ అందురికీ ఏదో ఒగ నొప్పి ఉండాది."

ఆమె నవ్వించడానికి అన్న మాట కాదది. రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు, తన తమ్ముని ఇంటి ముందు గది ఖాళీ చేయించానని, మంగళవారం మంగళవారం వచ్చి కూర్చోమని చెప్పింది. నాన్న నా ముఖం చూశాడు. "పోయి చూడు. ఈడుండి చేసేదేముంది?" అన్నాడు. అమ్మ మాత్రం లోపలి నుంచి "డాక్టర్ చదివి బస్సులెంబడి తిరగల్లనా?" అంది.

అట్లా నా మంగళవారాలు మొదలయ్యాయి. పొద్దున బస్సెక్కితే సండూరు మీదుగా పోవాలి. సండూరు వస్తోందని ఊరి బోర్డు చూడకుండానే తెలిసేది. ఇనుప ఖనిజం లారీల హారన్లు మొదలయ్యేవి, రోడ్డు పక్క చెట్ల ఆకులు ఆ దుమ్ముకు ఎర్రగా మారేవి. ఆ ఊరు దాటి చోరనూరు చేరేసరికి నా దుపట్టా కూడా ఆ రంగుకే తిరిగేది.

మొదటి మంగళవారం ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ఒకే మాట. మొదటి ఆమె నడుం పట్టుకుని కూర్చుని "ఒగ సూది వేసేయమ్మా, పనికి పోవల్ల" అంది. నేను సూది వేయనని చెప్పాను. నొప్పి ఎప్పటి నుంచి, నిద్ర ఎలా పడుతుంది, కడుపు ఎలా ఉంది, ఏం తింటావు అని అడగడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు ఓపిక పట్టి, "నడుం నొప్పి అంటే నా సంసారమంతా అడుగుతాండావే" అని లేచి వెళ్ళిపోయింది. రెండో మనిషి అసలు కూర్చోలేదు. మూడో మనిషి ముసలాయన, ఆయన మాత్రం అన్నీ చెప్పి, చూర్ణం పొట్లం తీసుకుని, గడప దాటాక బయట ఎవరితోనో అంటుంటే నాకు వినిపించింది: "సూది లేని డాక్టరమ్మ ఏం డాక్టరమ్మప్పా! బళ్ళారి అంగట్లో దొరికేదే ఈడికి తెచ్చింది."

ఆ పేరు నిలిచిపోయింది. బస్సు దిగి నడిచి వస్తుంటే పిల్లలు కూడా "సూది లేని డాక్టరమ్మ వచ్చె" అనేవాళ్ళు.

నాలుగైదు వారాల తర్వాత ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. సండూరు గనుల నుంచి గూడ్సు రైలుకు ఎత్తే సైడింగు దాకా ఖనిజం తోలతాడు. ఎడమ పిర్ర నుంచి మడమ దాకా తీగ లాగినట్టు నొప్పి. నిద్ర లేదు, గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది, మలబద్ధకం. ఇంగ్లీషు మందులు మింగి మింగి కడుపు మండి నా దగ్గరికి వచ్చాడు. నాకు చాలా సంతోషమైంది. చదివిందంతా చూపించే అవకాశం దొరికింది కదా. నాడి చూసి, నాలుక చూసి, కాలు ఎత్తించి చూసి, కాగితం మీద రెండు వైపులా రాసిచ్చాను. సూర్యుడు లేవకముందే లేవాలి. తొమ్మిదింటికి పడుకోవాలి. రోజూ ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి అరగంట ఆగి వేడినీళ్ళు పోసుకోవాలి. మిరపకాయ, వంకాయ, చింతపండు, టీ, నూనె వంటలు వద్దు. వేళకు తినాలి, తిన్నాక వంద అడుగులు నడవాలి. ఇంకా చాలా ఉన్నాయి.

ఆయన కాగితం నిదానంగా చదివాడు. తిప్పి వెనక కూడా చదివాడు. కోపం తెచ్చుకోలేదు, కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మేడం, ఇదంతా చేసేకి నేను లారీ దిగి సన్న్యాసం తీసుకోవల్ల. నా పెండ్లాము ఒప్పుకోదు."

కాగితం బల్ల మీదే పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర చేటలో కరక్కాయలు చెరుగుతున్న అవ్వ అంతా వింది. ఆమెకు చదువు రాదు. కాగితం చూపించి అందులో ఏముందో చదివి చెప్పమంది. చెప్పాను.

"అన్నీ నిజమే అమ్మణ్ణీ. కానీ వానికి నువ్వు మందు రాయలే. వేరే ఎవురిదో బతుకు తెచ్చి రాసినావు" అంది.

బస్సులో ఇంటికి పోతూ ఆ మాట తలుచుకుని ముందు కోపం వచ్చింది. నేను పుస్తకంలో ఉన్నదే రాశాను. ఆమెకేం తెలుసు అనుకున్నాను. సండూరులో బస్సు లారీల వరస వెనక ఇరుక్కుని చాలాసేపు కదల్లేదు. కిటికీలోంచి చూస్తే, పక్క లారీలో ఒక డ్రైవర్ స్టీరింగు మీద పేపరు పరుచుకుని ఒగ్గరణె అనే పోపు పెట్టిన బొరుగులు, మిరపకాయ బజ్జీ తింటున్నాడు. వరస కాస్త కదిలినప్పుడల్లా పొట్లం పక్కన పెట్టి, క్లచ్చి తొక్కి, నాలుగడుగులు పోయి, మళ్ళీ తింటున్నాడు. అదే అతని మధ్యాహ్న భోజనం. తొమ్మిదింటికి పడుకోమని నేను రాసింది ఇలాంటి మనిషికే.

తర్వాతి మంగళవారం ముందు బస్సుకు బయలుదేరి సండూరులో దిగాను. లారీలు ఆగే చోట టీ హోటల్ ఉంది. అక్కడ అడిగితే మా డ్రైవరన్న దొరికాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఏంది మేడం, ఈడికి వచ్చినారు?"

"నువ్వు ఏం తింటావో, యాడ కూర్చుంటావో చూసేకి వచ్చినా అన్నా."

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. ఆయనకు సిగ్గేసింది గానీ, నన్ను లారీ దగ్గరికి తీసుకుపోయాడు. నేను ఎక్కి ఆయన సీట్లో కూర్చున్నాను. క్లచ్చి తొక్కాలంటే నా ఎడమ తొడ మొత్తం పని చేయాల్సి వచ్చింది. సీటు ఎడమ వైపు అణిగిపోయి గుంట పడి ఉంది. దిగి, ఆయన్ని ఎక్కమని వెనక నుంచి చూశాను. ఎడమ వెనక జేబులో ఇటుకరాయంత పర్సు. లైసెన్సు, లారీ కాగితాల నకళ్ళు, పాత చీటీలు, దేవుని పటాలు అన్నీ అందులోనే. రోజుకు పది పన్నెండు గంటలు ఆయన దాని మీదే కూర్చుంటున్నాడు.

"అన్నా, ముందు ఆ పర్సు తీసి ముందర పెట్టు" అన్నాను. "సీటు గుంటలో గోనె మడిచి వేయి. ఈ రెండూ ఈ రోజే."

ఈసారి కాగితంలో నాలుగే మాటలు రాశాను. ఇంటి నుంచి జొన్నరొట్టె, మజ్జిగ తెచ్చుకోవాలి, బజ్జీ వారానికి ఒకసారి. వరసలో లారీ ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు నడవాలి. పడుకునే ముందు వేడినీళ్ళతో త్రిఫల చూర్ణం. ఆదివారం పూట మాత్రం భార్య చేత నడుముకూ కాలికీ గోరువెచ్చని నూనె మర్దన, ఆ తర్వాత ఇసుక మూటతో కాపడం. టీ మానేయమని రాయలేదు. టీ లేకుండా ఆ రోడ్డు మీద మనిషి బతకలేడని ఆ హోటల్లో అరగంట కూర్చుంటే నాకే తెలిసింది.

మూడు వారాలకు ఆయన చోరనూరు వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. "స్వల్ప తగ్గింది మేడం. నిద్ర వస్తాండాది" అన్నాడు. స్వల్ప అంటే కొంచెమే. కానీ ఆయన ముఖంలో చాలా తేడా కనిపించింది నాకు. భార్య పక్క నుంచి "ఆదివారం నూనె పట్టిచ్చేది నాకు కొత్త డ్యూటీ పెట్టినారు. నా మోకాళ్ళకు ఎవురు పట్టియ్యల్ల?" అని అడిగింది. ఆమెకూ నూనె ఇచ్చాను, ఆమెకు పట్టించే పని ఆయనకు రాసిచ్చాను. అవ్వ చేట పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఆ తర్వాత ఆయన తన తోటి డ్రైవర్లను ఒక్కొక్కరినే పంపాడు. డ్రైవర్ల వెంబడి వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు వచ్చారు. మిరప తోటల్లో కాయలు తెంపి చేతులు భగభగ మండుతూ వచ్చే కూలి ఆడవాళ్ళు కొందరు. వాళ్ళకు ఏం రాయాలో నాకు పుస్తకం చెప్పలేదు. అవ్వ ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బు పెట్టి కడిగించేది. మంట సగం పోయేది. నీళ్ళకు వదలని ఘాటు నూనెకు వదులుతుందని నాకు తర్వాత అర్థమైంది. ఒకసారి హగరి ఏటి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, బిడ్డకు పాలు చాలడం లేదని ఏడ్చింది. ఆమెను చూర్ణాలకంటే ముందు ఆమె అత్తతో మాట్లాడి బాగు చేయాల్సి వచ్చింది. బాలింత అని పథ్యం పేరుతో ఆమెకు ఒట్టి చారన్నమే పెడుతున్నారు. పప్పు, ఆకుకూర, నెయ్యి పెట్టమని అత్తకు చెప్పి ఒప్పించేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ బయట ఉన్నవాళ్ళు గొణగలేదు. ఊరికే కూర్చుని విన్నారు.

అట్లా రెండేళ్ళు గడిచాయి. మంగళవారంతో పాటు శుక్రవారం కూడా పోవడం మొదలుపెట్టాను. అప్పుడే ఒక మంగళవారం అవ్వ ప్రాణం మీదికి వచ్చింది.

ఎప్పుడూ నేను బస్సు దిగేసరికి గది ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, గుమ్మం దగ్గర కూర్చుని ఉండే మనిషి ఆ మంగళవారం రాలేదు. తొమ్మిది పది మంది ఎదురు చూస్తున్నారు. నలుగురిని చూశాక ఆమె గోడ పట్టుకుని వచ్చింది.

"కడుపులో గ్యాసు అమ్మణ్ణీ. పొద్దు పుట్టినప్పట్నుంచి పైకి తన్నుతాండాది. వాము నీళ్ళు తాగినా తగ్గలే. ఇంగేమన్నా ఇయ్యి" అంది.

ఆమె ముఖం చూసి నా చేతిలోని పెన్ను కింద పెట్టేశాను. ముఖం బూడిద రంగులో ఉంది. పొద్దుటి చలిలో రవిక వీపంతా చెమటకు తడిసి ఉంది.

"చెయ్యేమైనా నొప్పిగా ఉందా అవ్వా?"

"దవడ లాగతాండాది, ఈ పక్క. పంటి నొప్పేమో."

నాడి పట్టుకున్నాను. తడబడుతోంది. బీపీ చూశాను. ఇది గ్యాసు కాదని నాకు తెలిసిపోయింది. ఆమెను మంచం మీద తలగడకు ఆనించి కూర్చోబెట్టి, ఒక్క అడుగు కూడా వేయొద్దని చెప్పి, అంబులెన్సుకు ఫోను చేశాను. అప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆస్పత్రికి నేను రాను. ఇన్నేండ్లు ఊరందరికీ వేళ్ళు తవ్వి ఇచ్చినా. నాకు ఒగ వేరు లేదా? నీ దగ్గర ఒగ మందు లేదా?"

"ఉన్నా, ఇప్పుడు అది పని చేసేలోపల టైము మించిపోతుంది అవ్వా. ఇది గుండె."

బయట కూర్చున్నవాళ్ళలో ఒకాయన అందరికీ వినబడేలా అన్నాడు: "డాక్టరమ్మే ఆస్పత్రికి పంపుతాండాదంటే, ఆమె మందు మీద ఆమెకే నమ్మకం లేదన్నమాట."

నాకు బదులు చెప్పే తీరిక లేదు. అంబులెన్సు వచ్చింది. అవ్వ తమ్ముడూ నేనూ ఎక్కాం. సండూరు ఆస్పత్రిలో పరీక్ష చేసి, మొదటి మందులు ఇచ్చి, వెంటనే బళ్ళారికి పంపారు. దారి పొడుగునా అవ్వ కళ్ళు మూసుకుని నా వేలు పట్టుకుని ఉంది. ఆ రోడ్డు అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు. లారీలు పక్కకు జరిగి దారి ఇస్తుంటే, అవి మా డ్రైవర్లవేమో అని ప్రతి ముఖమూ చూశాను.

బళ్ళారి పెద్దాస్పత్రిలో గుండె డాక్టరు నాకంటే కొన్నేళ్ళే పెద్ద. అవ్వను లోపలికి తీసుకుపోయి, గంటన్నర తర్వాత బయటికి వచ్చి, "ఈమెతో వచ్చింది మీరేనా? మీరేమవుతారు?" అని అడిగాడు.

"నేను ఆయుర్వేదం డాక్టరును. చోరనూరులో చూస్తాను" అన్నాను. ఆ మాట చెప్పి నేను తల దించుకోలేదు.

ఆయన ఏదో అంటాడని సిద్ధపడ్డాను. "మంచి పని చేశారు. ఇంకో గంట ఇంట్లో పెట్టుకుని ఉంటే కష్టమయ్యేది. రక్తనాళం తెరిచాం. ఇక ఆమె ఏం తినాలి, ఎంత నడవాలి అన్నది మాకంటే మీరే బాగా చూసుకోగలరు" అన్నాడు. మందుల పేర్లన్నీ కూర్చోబెట్టి వివరించాడు. ఏ మూలికలు వాటితో కలపకూడదో నేను అడిగితే, తనకు పూర్తిగా తెలియదని, చదివి చెబుతానని అన్నాడు. రెండో రోజు నిజంగానే చదువుకుని వచ్చి చెప్పాడు. ఇప్పటికీ నా దగ్గరికి గుండె మందులు వాడే మనిషి వస్తే మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుంటాం.

ఆస్పత్రి నుంచి పంపాక అవ్వను చోరనూరు పంపడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ ఏమంటుందో అని భయపడ్డాను. అమ్మ ముందు గదిలో పక్క వేసింది, ఉప్పు తగ్గించి వేరే కూర వండింది. మూడో రోజుకల్లా ఇద్దరూ వంటింట్లో కూర్చుని పుండికూర, అంటే గోంగూర పప్పులో ఉప్పు లేకుండా రుచి ఎలా తేవాలా అని వాదించుకుంటున్నారు. "పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కో" అని అమ్మ, "నిమ్మకాయ పిండితే చాల్లే" అని అవ్వ. మాత్రలంటే అవ్వ ఒప్పుకునేది కాదు. కన్నడంలో గుళిగె అనేది వాటిని. "ఈ గుళిగెలు యా చెట్టువి?" అని ప్రతి పూటా అడిగేది. నేను వాటిని మూడు రంగుల గుడ్డ సంచుల్లో వేసి, పొద్దుటివి ఒకటి, మధ్యాహ్నానివి ఒకటి, సాయంత్రానివి ఒకటి అని మూలికల పొట్లాల పక్కన పెట్టాను. అప్పటి నుంచి మారు మాట లేకుండా మింగింది.

అవ్వ తన ఊరికి వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం నేను ఆమె పాదాలకు నూనె రాస్తున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, తన కాళ్ళు కూడా చాపింది.

"నాకూ కొన్ని నెలలుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. డాక్టరమ్మకు చూపించాలంటే టోకెన్ తీసుకోవల్లనా?" అంది.

అవ్వ నవ్వింది. నేను నూనె గిన్నె అమ్మ వైపు జరిపాను. అమ్మ పాదాలకు నూనె రాస్తూ ఆమె నిద్ర గురించి, ఆకలి గురించి, దేనికి దిగులు పడుతుందో దాని గురించి అడిగాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను ఆమెను ఆ ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి. చెప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా చెప్పింది.

అవ్వ ఇప్పుడు కొండ ఎక్కకూడదు, తవ్వకూడదు. మొదట్లో అది ఆమెకు చాలా కష్టమైంది. గుమ్మంలో కూర్చుని కొండ వైపు చూస్తూ విసుక్కునేది. అందుకే శుక్రవారం పూట రోగుల్ని చూడటం పదకొండింటికి మార్చి, అంతకుముందు గంటన్నర మేమిద్దరం కొండ అంచు దాకా నిదానంగా నడిచి పోవడం మొదలుపెట్టాం. ఆమెకు డాక్టరు రోజూ నడవమన్నాడు, నాకు మూలికలు పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో సరిగ్గా తెలియదు. ఎండిన సరుకు చూసి పెరిగినదాన్ని కదా. ఆమె బండ మీద కూర్చుని చేతి కర్రతో చూపిస్తుంది, నేను వంగి తవ్వుతాను.

"అంతా లాగద్దు. తల్లి వేరు ముట్టుకోవద్దు. పక్క పిల్లవేరు ఒగటి తీసుకో, మన్ను మళ్ళా కప్పు" అంటుంది. మరచిపోతే కర్రతో నా మోచేతి మీద కొడుతుంది. తను చిన్నప్పుడు సుగంధిపాల తీగ దండిగా ఉన్న వాలు ఇప్పుడు లేదని, అక్కడ గని పడిందని ఒకసారి చూపించింది. ఆ మాట చెప్పి ఊరుకోలేదు. తమ్ముని ఇంటి వెనక గోడ పక్కన రెండు తీగలు నాటించింది నా చేత. ఒకటి చచ్చిపోయింది. ఒకటి బాగానే పాకుతోంది.

పోయిన శుక్రవారం మేము తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. నేలవేము మొక్క ఒకటి చూపించి, దాని పసరు ఎంత చేదో నమ్మనన్నానని, నా చేత నమిలించింది. నోరంతా చేదుతో నేను ఉమ్ముతూ వస్తుంటే, గది ముందు అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు మా కోసం కాచుకుని ఉన్నారు. అందులో మొదటి మంగళవారం "నా సంసారమంతా అడుగుతాండావే" అని లేచిపోయిన ఆమె కూడా ఉంది. ఇప్పుడు ఆమె నెలకు ఒకసారైనా వస్తుంది.

"మీరిద్దరూ కొండలెంబడి తిరుగుతాంటే మా మోకాళ్ళు ఎవురు చూస్తారు డాక్టరమ్మా?" అని గట్టిగా అడిగింది ఒకామె.

"కాసేపు ఓర్చుకోండి, చేదు నోటితో మాట్లాడితే మీకు కూడా చేదుగానే వినిపిస్తాది" అన్నాను. అందరూ నవ్వారు. అవ్వ లోపలికి పోయి రొట్టె, కొంచెం బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టి, ముందు తిను అంది. తిని, చేతులు కడుక్కుని, తుడుచుకుని కూర్చున్నాను. వరసలో ముందున్న ఆమె వచ్చి చెయ్యి చాపింది.